వైరు లేని పాటలు

పెయింటరు గిటారు అందుకున్నాడంటే ఎవరిమీదో ఒళ్ళు మండిందని అర్థం. ఎవరిమీద అని పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఆ ఇంట్లో ఉండేదే ముగ్గురు. అన్నకి కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ, పగలంతా నిద్ర. వదిన హాల్లో కుట్టుమిషను వేసుకుని కర్టెన్లు కుడుతుంది. ఆ మిషను పొద్దుటినుంచి సాయంత్రం దాకా గడగడమంటూనే ఉంటుంది. అన్న దాని మోతకి గురకపెట్టి నిద్రపోతాడు. గిటారు తీగ ఒక్కటి టింగుమంటే మాత్రం దుప్పటి తన్నేసి లేస్తాడు.

ఆ ఎలక్ట్రిక్ గిటారు సెకండ్ హ్యాండుది. కొన్నప్పుడు దాని ఒంటినిండా గీతలే. పెయింటరు దాన్ని తను పనిచేసే కార్ల గ్యారేజీకి తీసుకెళ్ళి, ఎవరి కారుకో కొట్టగా మిగిలిన ముదురు నీలం రంగు కొట్టాడు. ఒక కోటు కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, సన్నగా రుద్ది, మళ్ళీ కోటు. ఆ పనిలో అతనికి ఉన్నంత ఓపిక ఇంకెవరికీ లేదు. రంగు తడిగా ఉండగా ఎవరైనా దగ్గరకొస్తే కొట్టేలా చూస్తాడు. గ్యారేజీ గేటు దాటాక ఆ ఓపిక ఏ గంగలో కలుస్తుందో మరి, బయట మనిషి మొత్తం నిప్పుమీద ఉప్పు.

గిటారుకి స్పీకరు తగిలించిన మొదటిరోజే గొడవైంది. మధ్యాహ్నం పూట ఒక్కసారి మీటాడో లేదో, అన్న గదిలోంచి లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చి, గిటారుకీ స్పీకరుకీ మధ్యనున్న వైరు పీకేసి, చుట్టచుట్టి, బీరువాలో దుప్పట్ల మధ్య పెట్టి తాళం వేశాడు.

"ఇంకోసారి ఆ పెట్టె అరిచిందంటే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా."

"మరి ఆ మిషను అరవట్లేదా?"

"అది అన్నం పెడుతుంది. నీది ఏం పెడుతుంది, తలనొప్పి తప్ప?"

పెయింటరు ఇంకో వైరు తెచ్చుకోవచ్చు, అదేమంత దొరకని వస్తువు కాదు. తెచ్చుకోలేదు. వైరు తీసినవాడి చేత్తోనే తిరిగి ఇప్పించుకోవాలన్న పంతం. అప్పటినుంచి వైరు లేకుండానే వాయించడం మొదలెట్టాడు. ఎలక్ట్రిక్ గిటారుకి వైరు లేకపోతే దాని గొంతు దోమ గొంతే. మిషను మోతలో తన చెవికైనా వినపడాలి కదా, అందుకని గట్టిగా కొట్టేవాడు. రోజురోజుకీ ఇంకా గట్టిగా. చూసేవాళ్ళకి గిటారు వాయిస్తున్నట్టుండదు, దాని ఒంటికంటిన దుమ్ము దులుపుతున్నట్టుంటుంది.

అన్నిటికన్నా విచిత్రం అతను పాటలు ఎంచుకునే పద్ధతి. ఎవరైనా చెవికి నచ్చిన పాట నేర్చుకుంటారు. ఇతను ఎవరి పొగరు అణచాలో ముందు తేల్చుకుని, దానికి తగిన పాట వెతుక్కుంటాడు. అలా ఒక పాట గ్యారేజీ ఓనరు కోసం నేర్చుకున్నాడు, ఓనరుకి ఆ సంగతే తెలియదు. ఇంకోటి అన్న కోసం. అన్నిటిలోకీ కష్టమైన పాట, వేళ్ళు ఒకదాన్నొకటి తరుముకుంటున్నట్టు సాగే పరుగుపాట, మాస్టారి కోసం.

మాస్టారంటే ఒక హోటలు హాల్లో సాయంత్రాలు పాడే బ్యాండుకి పెద్ద. కీబోర్డు ఆయనే వాయిస్తాడు. ఒకసారి బంపరుకి రంగు వేయించుకోవడానికి గ్యారేజీకి వచ్చి, కొత్తగా రంగు వేసి మేకుకి వేలాడదీసిన నీలం గిటారు చూశాడు.

"ఎవరిది?"

"నాదే."

"ఏదీ, వాయించు."

పెయింటరు చేతులు తుడుచుకుని, అప్పటికి వచ్చినదేదో వాయించాడు. మాస్టారు తల పక్కకి వంచి చివరిదాకా విన్నాడు. విని, "రంగు బాగుంది" అన్నాడు.

అంతే. ఆ రెండు మాటలూ పెయింటరు గుండెలో మేకుల్లా దిగాయి. పరుగుపాట పుట్టింది ఆ రోజే.

కొంతకాలానికి బ్యాండులో గిటారు వాయించే అతను గొడవపడి మానేశాడు. పెయింటరు తనే హోటలుకి వెళ్ళి మాస్టారి ఎదుట నిలబడ్డాడు. మాస్టారు గుర్తుపట్టినట్టే ఉంది, నవ్వలేదు.

"ఆదివారం మధ్యాహ్నం రా. మూడు పాటలు. ఏవన్నది నీ ఇష్టం."

"ఏవైనా పరవాలేదా?"

"ఏవి ఎంచుకొస్తావో చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుందయ్యా. మిగతా సగానికి వాయిస్తే చాలు."

ఇంటికొచ్చి ఈ వార్త చెప్పడమే అతను చేసిన తప్పు. అన్న డ్యూటీకి వెళ్ళబోతూ బూట్లు తొడుక్కుంటున్నాడు.

"అయితే ఒక మాట అనుకుందాంరా. వాళ్ళు నిన్ను తీసుకున్నారా, వైరు నీకిచ్చేసి నా నోరు కుట్టేసుకుంటా. తీసుకోలేదా, ఆ గిటారు ఈ ఇంట్లో ఉండకూడదు. సోమవారం పొద్దున నేనొచ్చేసరికి కనపడకూడదు."

"సరే."

"మళ్ళీ ఏడవకూడదు."

"సరే అన్నానుగా!"

వదిన మిషను ఆపి ఇద్దర్నీ చూసింది. "నేనిక్కడే ఉన్నా, ఇద్దరి మాటా విన్నా. తర్వాత ఎవరు మాట మార్చినా ఈ కత్తెర తీసుకుంటా" అని మళ్ళీ తొక్కడం మొదలెట్టింది.

ఆ వారమంతా పెయింటరుకి వేరే ధ్యాస లేదు. మూడు పాటలూ వేగమైనవే ఖాయం చేసుకున్నాడు. మొదట పరుగుపాట, మాస్టారి నోరు మూయించడానికి. రెండోది అంతకన్నా గడుసుది. మూడోది వింటే హాలు పైకప్పు లేచిపోవాలి. గ్యారేజీనుంచి వచ్చీరాగానే మంచంమీద కూర్చుని వేళ్ళు ఎర్రబడేదాకా కొట్టేవాడు.

ఇవి కాక ఇంకో పాట ఉంది. అన్నిటికన్నా ముందు నేర్చుకున్నది. పాతది, నెమ్మదైనది, పట్టుమని పది స్వరాలు కూడా ఉండవు. ఒక స్వరం కొట్టి ఆగాలి, మళ్ళీ ఒకటి కొట్టి ఆగాలి. వైరు లేని గిటారుమీద ఆ స్వరాలు తడిసిన అగ్గిపుల్లల్లా అంటుకునేలోపే ఆరిపోయేవి. ఆగినంతసేపూ నిశ్శబ్దమే. దానికి నిద్రపాట అని పేరుపెట్టి, వేళ్ళు వేడెక్కడానికి మాత్రం వాడుకునేవాడు, అదీ మధ్యమధ్య ఆగడం మింగేసి గబగబా.

"మరిదిగారూ" అంది వదిన ఒకరోజు, దారం కొరుకుతూ. కోపమొస్తేనే ఆమె నోట గారు వస్తుంది. "తమరు వాయించేవాటిలో పాటలా ఉన్నది ఆ మొదటిదొక్కటే. మిగతావన్నీ మిక్సీలో రాళ్ళు వేసినట్టున్నాయి."

"నీకేం తెలుసు వదినా పాటల గురించి?"

"అవును, నాకేం తెలుసు. ఇంత మోతలో కూర్చుంటా కాబట్టి ఏది మోతో మాత్రం తెలుసు."

పెయింటరు మొహం మాడ్చుకుని ఆ రోజునుంచి నిద్రపాటని ముట్టుకోవడమే మానేశాడు.

ఆదివారం మధ్యాహ్నం హోటలు హాల్లో కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. నేల తుడిచిన ఫినాయిలు వాసన ఇంకా పోలేదు. మాస్టారు ముందు వరసలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. డ్రమ్ములవాడు వేదికమీద చిప్స్ ప్యాకెట్టు చింపుకుంటున్నాడు. తన ఎత్తున్న స్పీకరు పెట్టెనుంచి వచ్చిన వైరుని పెయింటరు గిటారుకి తగిలించుకున్నాడు. ఇన్నాళ్ళకి వైరు! ఇక చూసుకోండి అనుకుని పరుగుపాట ఎత్తుకున్నాడు.

హాలు ఒక్కసారిగా ఊళపెట్టింది.

అతని వేళ్ళు సరిగ్గానే పరిగెత్తుతున్నాయి. కానీ వాయించే తీగ ఒకటైతే పక్కనున్న తీగలన్నీ పిలవని పేరంటానికి వచ్చినట్టు మోగుతున్నాయి. వైరు లేనప్పుడు కూడా అవి మోగే ఉంటాయి, వినపడలేదంతే. వాటిని అరచేత్తో నొక్కిపట్టి నోరు మూయించాలన్న సంగతి అతని చేతికి ఎవరూ నేర్పలేదు. దానికితోడు దుమ్ము దులిపే ఆ కొట్టుడు. స్పీకరు కీచుమంది, బొంగురుపోయింది, మళ్ళీ కీచుమంది. పాట ఎక్కడుందో పెయింటరుకే దొరకలేదు. డ్రమ్ములవాడు చిప్స్ నోట్లో పెట్టుకోబోయి అలాగే ఉండిపోయాడు.

"చాలు" అన్నాడు మాస్టారు.

పెయింటరు వినిపించుకోకుండా రెండోది మొదలెట్టాడు. అది ఇంకా ఘోరం.

"చాలన్నానా!" ఈసారి మాస్టారు లేచి నిలబడ్డాడు. "ఎన్నాళ్ళుగా వాయిస్తున్నావయ్యా వైరు లేకుండా?"

పెయింటరుకి చెవులదాకా వేడెక్కింది. "మీకెవరు చెప్పారు?"

"నీ చేతులే చెప్తున్నాయి. స్పీకరు పెట్టి నేర్చుకున్నవాడెవడూ ఇలా బాదడు. నువ్వు వాయించేది నువ్వే ఎప్పుడూ వినలేదు. పైగా ఏమిటా పాటలు? ఎవరిమీద పగ?"

"మీమీదే."

డ్రమ్ములవాడు పకపకా నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. "పగ తీరింది, నా చెవులు పోయాయి. ఇక దయచెయ్యి."

"మూడు పాటలన్నారు. ఇంకోటి ఉంది."

"ఇంకో యాక్సిడెంటా?"

"మూడన్నారు కదా! మాటంటే మాటే!"

మాస్టారు కుర్చీలో కూలబడి, కానివ్వు అన్నట్టు చెయ్యి విసిరాడు.

మూడోది పైకప్పు లేపే పాట. పెయింటరు వేళ్ళు దానికోసం తీగల మీదకి వెళ్ళి ఆగాయి. అదీ ఊళపెడుతుందని ఇప్పుడు అతనికి తెలుసు. ఎంత వేగం ఉంటే అంత ఊళ. పక్క తీగలు గోల చేసే వీలులేని పాట, ఒక్కో స్వరమే వచ్చే పాట, అతనికి ఒక్కటే వచ్చు. దాన్ని వాయించడమంటే వదిన మాట నెగ్గించడమే. పళ్ళు కొరుక్కుంటూ నిద్రపాట మొదటి స్వరం మీటాడు. ఊళంటే భయం పట్టుకుంది కాబట్టి, మెల్లగా మీటాడు.

ఆ స్వరం ఆరిపోలేదు.

అగ్గిపుల్లలా అంటుకుని ఆరిపోవలసింది, దీపంలా నిలబడి హాలంతా పరుచుకుంది. పెయింటరు బెదిరిపోయాడు. అలవాటుకొద్దీ రెండో స్వరం దానిమీద పడేశాడు. రెండూ ఒకదానిలో ఒకటి కలిసి అలుక్కుపోయాయి. అది చూడగానే, కాదు వినగానే, అతనికి ఒళ్ళు జలదరించింది. తడి కోటు మీద ఇంకో కోటు కొడితే అచ్చం ఇలాగే పొంగి పాడవుతుంది. ఇన్నేళ్ళలో ఏ కారుకీ చెయ్యని పని. మూడో స్వరం మీటి ఆగాడు. అది ఆరేదాకా ఆగాడు. అప్పుడు నాలుగోది.

పాట అయ్యేసరికి డ్రమ్ములవాడు ప్యాకెట్టు కింద పెట్టేసి ఉన్నాడు. మాస్టారు మాత్రం ఎప్పటిలాగే తల పక్కకి వంచి కూర్చున్నాడు.

"ఇది ఎంచుకొచ్చిన పాట కాదు కదా?"

"కాదు."

"అనుకున్నా. చూడు, ఒక్క పాటకి మనిషిని పెట్టుకోను. అందులోనూ మొదట తొందరపడ్డావు, చివర చెయ్యి వణికింది. ఇలాంటివే ఇంకో రెండు వెతుక్కుని, వైరు పెట్టి నేర్చుకుని, అప్పుడు కనపడు. ఆ రాళ్ళ మిక్సీతో మళ్ళీ ఈ మెట్లెక్కావో, ఆ వైరుతోనే కట్టి పారేస్తా."

రాళ్ళ మిక్సీ! ఈయనా వదినా ఎక్కడైనా కూడబలుక్కున్నారా అని పెయింటరుకి అనుమానం వచ్చింది. థాంక్స్ కూడా చెప్పకుండా గిటారు భుజానేసుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి అన్న డ్యూటీకి తయారవుతున్నాడు.

"తీసుకున్నారా?"

"లేదు."

అన్న ఎగతాళి చెయ్యబోయి తమ్ముడి మొహం చూసి ఆగాడు. కానీ మాట మార్చలేదు. "అనుకున్నట్టే మరి. ఇంట్లో ఉండకూడదు."

"ఉండదు. ఇప్పుడే తీసుకెళ్తున్నా."

"ఎక్కడికి?"

"గ్యారేజీకి. ఇంట్లో ఉండకూడదన్నావు. వాయించకూడదన్నావా?"

అన్న నోరు తెరిచి వదిన వైపు తిరిగాడు. ఆమె కత్తెర చేతిలో పట్టుకుని ఉంది. "నన్ను చూస్తారేం? ఇంట్లో అనే అన్నారు మీరు. నేను విన్నా."

"ఊరుకోవే!"

"ఊరుకోను." ఆమె కొంగున ఉన్న తాళంచెవితో బీరువా తెరిచి, దుప్పట్ల మధ్యనుంచి వైరు లాగి, పెయింటరు ఛాతీకి తగిలేలా విసిరింది. "దీన్నీ పట్టుకుపో. దుప్పటి తీసిన ప్రతిసారీ పాము అనుకుని చస్తున్నా. ఆ పెట్టె కూడా తీసెయ్, ఊడవడానికి అడ్డం."

వైరు అన్న చేత్తో రాలేదు. అయినా పెయింటరు తీసుకున్నాడు.

గ్యారేజీ ఓనరు చిర్రుబుర్రులాడాడు. పని గంటల్లో టింగుమంటే గిటారుతో సహా గేటు బయట ఉంటావని హెచ్చరించాడు. అందుకే ఇప్పుడు పెయింటరు సాయంత్రం షట్టరు సగం దించాక, రంగు కొట్టే గదిలో స్పీకరు పెట్టుకుని కూర్చుంటాడు. పరుగుపాటని మానేశాడు. తిట్టుకుంటూనే మానేశాడు. ఇంకో రెండు నెమ్మదైన పాటల కోసం వెతుకుతున్నాడు. పగ పెట్టుకోకుండా పాట ఎంచుకోవడం అతనికి అలవాటు లేని పని, అందుకని ఏదీ ఒక పట్టాన తేలదు. ఒకటి మొదలెడతాడు, ఛీ అంటాడు, నిద్రపాటకే తిరిగొస్తాడు.

మొన్న ఒక సాయంత్రం అదే వాయిస్తుంటే షట్టరు దడదడలాడింది. అన్న. డ్యూటీకి వెళ్తూ, బండి దిగకుండా, ఇంజను ఆపకుండానే కాలితో తన్నాడు.

"ఇక్కడ కూడా ప్రాణాలు తోడెయ్యాలా? రోడ్డు చివరిదాకా వినపడుతోంది!"

"ఇది నీ ఇల్లు కాదు. డ్యూటీకి పో."

"పోతాలే. ఆ చివర్ది ఇంకా మోగుతుంటే మధ్యలో ఎందుకురా పీక నొక్కేశావు?"

"నీకెందుకు?"

"నాకెందుకులే. వెధవ!"

బండి కదిలింది. పెయింటరు షట్టరు వైపు చూసి నోటికొచ్చిన తిట్టు తిట్టాడు. తర్వాత చివరి స్వరం మళ్ళీ మీటి, ఈసారి తీగమీద చెయ్యి వెయ్యకుండా వదిలేశాడు. రోడ్డు మలుపు తిరగకముందే బండి ఆగిన చప్పుడైంది. స్వరం ఇంకా మోగుతూనే ఉంది.