చిన్నాయన వైపు దీపం

సముద్రాలు దాటి మా చిన్నాయన చేసిన యుద్ధాన్ని పద్దెనిమిది పర్వాలుగా రాయాలనే కూర్చున్నాను. తీరా చూస్తే ఆయన యుద్ధమేమీ చేయలేదు. పట్టాళం సామాన్ల కొట్టులో కంబళ్లు చూసుకున్నాడు. కాబట్టి రాయడానికి మిగిలింది మా అవ్వ, ఒక దీపం.

రెండో ప్రపంచ యుద్ధంలో చిన్నాయనను ఓడ ఎక్కించారని తెలుసు. ఎక్కడ దించారో తెలియదు. ఉత్తరాల్లో ఊరి పేరు వచ్చిన చోటల్లా నల్ల సిరా పూసి పంపేవారు. కొడుకు ఉన్న దిక్కుకు సాయంత్రం దీపం పెడితే క్షేమంగా తిరిగొస్తాడని అవ్వ నమ్మకం.

"తప్పు దిక్కుకు పెడితే వానికి చేరేదెట్లప్పా?" అని రోజూ నాయనను నిలదీసేది.

నాయనది చిక్కపేటలో చీరల అంగడి. దాని వెనకే మా ఇల్లు. సామ్రాజ్యం పట్టాళాలను ఎక్కడ నిలుపుతుందో కనుక్కోవడానికి ఆ అనుభవం చాలనుకున్నాడు. ప్రపంచ పటం పరిచి గజంబద్ద పెట్టాడు.

"మనం అంగడి యాడ పెడ్తామమ్మా? జనం వచ్చిపోయే దోవలో. తెల్లోళ్లూ అంతే. ఓడలు తిరిగే దోవలో, పెట్రోలు దొరికే కాడ. వాడు పడమరే, బస్రాలో ఉండాడు."

పక్క ఇనప అంగడాయన ఒప్పుకోలేదు. "దొంగ వచ్చేది తూర్పు నుంచి. కావలోణ్ని తెచ్చి పడమటి వాకిట్లో కూర్చోబెడ్తారా యాడన్నా? నీ తమ్ముడు తూర్పునే ఉండాడు."

మూడు వారాలు వాదించుకున్నారు. లండనులో కూడా ఇంత చర్చ జరిగి ఉండదు. పైగా వాళ్లకు మధ్యమధ్యలో చీరలు విప్పి చూపించే పని లేదు.

"మీరు తేల్చేలోగా వాడే వచ్చేస్తాడు," అని అవ్వ తూర్పు కిటికీలో దీపం పెట్టేసింది. నాయన అలిగాడు. యుద్ధం ముగిసేదాకా దీపం అక్కడే వెలిగింది.

చిన్నాయన వచ్చాడు. గడపలోనే అవ్వ చేయి పట్టుకుంది. "యాడుంటివిరా ఇన్నినాళ్లు?"

"బస్రాలో అమ్మా."

నాయన పటం తేవడానికి లోపలికి పరుగెత్తాడు. అవ్వ ముఖం వాడిపోయింది. "అయ్యో, నేను తూర్పుకు పెడితినే!"

"భూమి గుండ్రం గదమ్మా. అట్ల పోయినా తిరిగి నాకాడికే వచ్చుంటాది."

అవ్వ నవ్వింది, చేయి మాత్రం వదల్లేదు. నెగ్గినవాడు కనుక నాయనా వదల్లేదు.

"పడమరని నేను చెప్తే ఎందుకు వినలేదమ్మా?"

"ఆ పడమటి కిటికీకి రెక్క లేదు గదప్పా. పెట్టిన దీపం గాలికి ఆరిపోతాండె. వడ్లాయనను పిలవమని నీకు ఎన్నిసార్లు చెప్తి?"

వడ్లాయన సోమవారం వచ్చి కొత్త రెక్క బిగించాడు.