ఏమీ ఇవ్వలేదన్న సత్యవతి గారు

కరోనా గొడవ సద్దుమణిగిన తర్వాతి వేసవి. రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూకి నేను ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. నా నోరు కాస్త పెద్దదని అక్కడ అందరికీ తెలుసు. చేతులు కడుక్కోకుండా లోపలికొస్తే డాక్టరైనా సరే నా చేత మాట పడాల్సిందే. ఐసీయూలో మొహమాటానికి పోతే రోగి ప్రాణం మీదికొస్తుంది.

ఆ వేసవిలో మండపేట నుంచి సూర్యనారాయణ గారిని తీసుకొచ్చారు. ధాన్యం వ్యాపారి, షుగరు ఉన్న మనిషి. కాలి పుండు ముదిరి, ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకి, కిడ్నీలు పని మానేశాయి. డయాలసిస్ మొదలుపెట్టాం. అంటే కిడ్నీలు చేయాల్సిన వడపోతను మెషీన్ చేత చేయించడం. మనిషి త్వరగానే తేరుకున్నారు. ధాన్యం రేటు కనుక్కోవాలి, ఫోన్ ఇవ్వమని మాతో పోట్లాడే దాకా వచ్చారు. ఒక్క పొటాషియం మాత్రం మా మాట వినలేదు.

పొటాషియం రక్తంలో ఉండే లవణం. ఎక్కువైనదాన్ని కిడ్నీలు బయటికి పంపేస్తాయి. అవి పని చేయకపోతే అది పేరుకుపోయి గుండెను ఆపేయగలదు. ఈయనకి డయాలసిస్ చేయగానే దిగేది, మర్నాటికి మళ్ళీ ఎక్కేది. డాక్టరు గారు మెషీన్‌ను అనుమానించారు. నేను ల్యాబ్ వాళ్ళని అనుమానించి రక్తం మళ్ళీ పంపించాను. ఎక్కిస్తున్న మందులన్నీ ఒక్కొక్కటీ చూశాం. ఎక్కడా తప్పు దొరకలేదు.

ఆయన భార్య సత్యవతి గారు రోజూ విజిటింగ్ టైముకి వచ్చేవారు. భోజనం ఆసుపత్రి కిచెన్ నుంచే వస్తుందని, నీళ్ళు కూడా మేమే కొలిచి ఇస్తామని మొదటి రోజే చెప్పాం. అయినా అడిగాను.

"అమ్మా, బయట నుంచి ఏమైనా తెచ్చి ఇచ్చారా?"

"ఆయ్, ఏమీ ఇవ్వలేదండి. మీరు వద్దన్నారు కదండీ. ఒట్టు!"

ఆవిడ మొహం చూస్తే అబద్ధమాడే మనిషిలా లేదు. కానీ నాకు కొరుకుడు పడలేదు. ఆ సాయంత్రం పక్క మంచం దగ్గర పనున్నట్టు నిలబడ్డాను. ఆవిడ సంచిలోంచి ఒక సీసా తీసి, గ్లాసులోకి వంచి, భర్త తల కింద చెయ్యి పెట్టి తాగిస్తున్నారు. ఆయన కళ్ళు మూసుకుని హాయిగా తాగుతున్నారు. ఆసుపత్రి నీళ్ళు ఎవరూ అంత ఇష్టంగా తాగరు. వెళ్ళి సీసా లాక్కుని వాసన చూశాను.

"ఇవేంటండీ?"

"బొండం నీళ్ళండి. మా పెరట్లో కాయలే. ఒంట్లో వేడి లాగేస్తాయని రోజూ తాగిస్తున్నానండి."

"మరి ఏమీ ఇవ్వలేదన్నారేంటి?"

"అదొక ఇవ్వడమేంటండీ? నీళ్ళే కదండీ!"

కొబ్బరి నీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తలెత్తి మానిటర్ చూస్తే గుండె గీతలు సూదుల్లా మొనదేలి ఉన్నాయి. గుండె గతి తప్పబోతోందనడానికి అది గుర్తు. డాక్టరు గారిని కేకేశాను. గుండెకు కాపుగా కాల్షియం ఇంజెక్షన్, పొటాషియం దించడానికి గ్లూకోజుతో ఇన్సులిన్, ఆ వెంటనే డయాలసిస్. మా సిస్టర్లు ఒక్క క్షణం వృథా చేయలేదు. గీతలు మామూలు రూపానికి వచ్చాక గానీ నేను ఊపిరి పీల్చుకోలేదు.

నాలుగు చీవాట్లు పెడదామనే బయటికి వచ్చాను. సత్యవతి గారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. "నా చేత్తో నేనే ఆయన్ని చంపుకునేదాన్నాండీ?" అన్నారు. జాలేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఇక ఆవిడని లోపలికి రానివ్వకండి సిస్టర్" అన్నారు డాక్టరు గారు.

"రానివ్వకపోతే ఇంటికెళ్ళాక ఇస్తారండి. నేర్పించి రానిద్దాం" అన్నాను. ఆయన సరేనన్నారు.

మర్నాడు ఆవిడ మంచానికి దూరంగా, చేతులు కొంగులో దాచుకుని నిలబడ్డారు. ఆయన నీళ్ళడిగితే "సిస్టరు గారిని అడగండి" అంటూ వెనక్కి జరిగారు. నేను కొలిచిన నీళ్ళ కప్పు ఆవిడ చేతిలోనే పెట్టాను. "ఇవి ఆయన తాగొచ్చు. మీరే పట్టండి" అన్నాను. కంగారులో సగం దిండు మీద ఒలికాయి. మళ్ళీ పోసిచ్చాను.

ఆ తర్వాత పొటాషియం ఎక్కలేదు. మా అడిగే పద్ధతి కూడా మారింది. "ఏమైనా ఇచ్చారా?" అని ఇప్పుడు మేం అడగం. బొండం నీళ్ళా, మజ్జిగా, కషాయమా, తీర్థమా అని పేరు పేరునా అడుగుతాం. కొత్త సిస్టర్లకి ఇది నేనే దగ్గరుండి నేర్పిస్తాను.

సూర్యనారాయణ గారు వార్డుకి మారే రోజున కిచెన్ నుంచి గ్లాసు వచ్చింది. కొత్త సిస్టర్ దాన్ని ఆయన నోటి దాకా తీసుకెళ్ళింది. సత్యవతి గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇదేం రసమండి? ఈయనకి ఇవ్వొచ్చాండి?"

బత్తాయి రసం. అందులోనూ పొటాషియం ఎక్కువే. పక్క మంచానికి వెళ్ళాల్సింది. ఆవిడని తలుపు బయటే ఉంచేసి ఉంటే, ఆ మాట అడిగేవాళ్ళు ఆ మంచం దగ్గర ఉండేవారు కాదు.