గాజుల చప్పుడు రాని సీడీ ప్లేయర్లు

2023 వానాకాలం. పటాన్‌చెరులో హైవే పక్కన నాది ఆడియో సామాన్ల షాపు. అందరూ ఫోన్లలో పాటలు వింటున్న కాలంలో సీడీ ప్లేయర్లు అమ్మేవాడిని ఏమనాలో మా బంధువులు ఇంకా తేల్చుకోలేదు. కానీ కొనేవాళ్లున్నారు. నెలకు ఇద్దరో ముగ్గురో వస్తారు. వాళ్లలో ఎవరికీ తొందర ఉండదు.

ఎల్లయ్య గారు గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కంప్రెసర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. హాల్లో మంచి ఆంప్లిఫయరు, నేను అమ్మినవే రెండు స్పీకర్లు ఉన్నాయి. పాత ప్లేయర్ పాడైందని, ఈసారి నిఖార్సయినది కావాలని వచ్చారు.

అందరికీ చెప్పే పాఠమే ఆయనకూ చెప్పాను. రెండు చూడాలి. ఒకటి ట్రాన్స్‌పోర్ట్, అంటే డిస్క్‌ను తిప్పే మోటారూ చదివే లేజరూ. రెండోది డాక్, అంటే డిస్క్ మీది అంకెలను తిరిగి శబ్దంగా మార్చే చిప్. ఆయన శ్రద్ధగా విని, జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీశారు. దాని కొనను తిరుగుతున్న ప్లేయర్ మీద, పిడిని చెవి దగ్గర ఎముక మీద ఆనించి కళ్లు మూసుకున్నారు. ఫ్యాక్టరీలో బేరింగులు పరీక్షించే పద్ధతి అదట.

"దీని మోటరు జెర ఊగుతుంది సేటూ. ఇంకోటి చూపియ్యి."

విప్పి చూస్తే నిజంగానే ఊగుతోంది. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న నేను కనిపెట్టలేదు. ఆ చెవుల మీద నాకు అపారమైన గౌరవం కలిగింది. తర్వాతి గందరగోళానికంతటికీ ఆ గౌరవమే కారణం.

మోటారు నిశ్శబ్దంగా ఉన్నదాన్ని ఏరుకుని తీసుకెళ్లారు. నాలుగో రోజున తిరిగి తెచ్చారు. గాజుల చప్పుడు రావడం లేదట.

ఆయన దగ్గర ఒక సీడీ ఉంది. కొండాపూర్ వైపు వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే వీడియో స్టూడియో అతను రికార్డు చేసింది. పాట ఎత్తుకునేది ఆయన భార్య సత్తమ్మ గారు. చప్పట్లు కొట్టినప్పుడల్లా గాజులు గలగలమంటాయి. మోకాళ్ల నొప్పులతో ఆమె ఆట మానేసి కొన్నేళ్లయింది. ఆ గాజులు ఇక డిస్కులోనే ఉన్నాయి. ఆయనకు అవి కావాలి.

షాపులో వేసి చూశాను. గాజులు బ్రహ్మాండంగా వినిపించాయి, నాకు. ఆయన తల అడ్డంగా ఊపారు. ఇంకా మంచి డాక్ ఉన్నది ఇచ్చి పంపాను. అదీ తిరిగొచ్చింది. కేబుళ్లు మార్చాను. ట్రెబుల్, అంటే సన్నని శబ్దాలను పెంచే మీట, చివరిదాకా తిప్పమన్నాను. తిప్పే ఉందట. మోటారు ఊగడం కనిపెట్టిన మనిషికి గాజులు వినిపించకపోవడమేమిటో అర్థం కాలేదు. లేని గాజులు నాకే వినిపిస్తున్నాయేమోనని కూడా ఒక దశలో అనుకున్నాను.

చివరికి మూడో ప్లేయరూ ఒక టెస్ట్ డిస్కూ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆ డిస్కులో ఒకే కూత లావుగా మొదలై మెట్టు మెట్టుగా సన్నబడుతూ పోతుంది. మధ్యలో ఆగిపోతే సామానులో లోపం ఉన్నట్టు. ఎల్లయ్య గారు సోఫాలో కూర్చున్నారు. సత్తమ్మ గారు వంటింట్లో ఉన్నారు. సగం మెట్లు కాగానే ఆయన నావైపు తిరిగారు.

"బంజేసినవేంది సేటూ?"

ప్లేయర్ మీద సెకన్ల అంకెలు తిరుగుతూనే ఉన్నాయని వేలితో చూపించాను. ఇంకో నాలుగు మెట్లు గడిచాక సత్తమ్మ గారు గరిటెతో సహా హాల్లోకి వచ్చారు.

"జెర ఆ కూత ఆపు బిడ్డా. చెవులల్ల సూదులు పెట్టినట్టుంది."

ఆయన ఆమెను చూశారు. స్పీకర్లను చూశారు. లేచి వెళ్లి స్క్రూడ్రైవర్‌ను ఇంకా మోగుతున్న స్పీకర్‌కు ఆనించి కాసేపు విన్నారు. అక్కడా ఏమీ దొరకలేదు.

"మిషన్లు మంచిగనే ఉన్నయి. ఆపరేటరే ఖరాబయిండు."

కంప్రెసర్ రూములో హోరుకు అడ్డంగా చెవి ప్లగ్గులు ఇచ్చేవారట. అవి పెట్టుకుంటే మిషన్ ఏమంటుందో వినపడదని ఈయన జేబులో పెట్టుకునేవారట. ముప్పై ఏళ్లలో సన్నని శబ్దాలన్నీ పోయాయి. లావువి మిగిలాయి. మోటారు వణుకు లావు శబ్దం.

సత్తమ్మ గారు గరిటె టీపాయ్ మీద పెట్టారు.

"ఇన్నేండ్లు నా మాట ఇంటలేడనుకున్న. ఇనపడుత లేదన్నట్టు."

ఆయనను సోఫాలో కూర్చోబెట్టి పక్కన కూర్చున్నారు. అడగకుండానే బతుకమ్మ సీడీ వేశాను. గాజులు మోగిన చోటల్లా ఆమె ఆయన మోకాలి మీద వేలితో తట్టారు.

మూడింటిలో ఆయన చివరికి ఉంచుకున్నది మొదట తీసుకెళ్లినదే. స్క్రూడ్రైవర్ తీర్పు అది. రెండు నెలల తర్వాత చెవి మిషన్ పెట్టించుకుని షాపుకొచ్చారు. "గాజులొచ్చినయి సేటూ," అన్నారు. "గని మా ఇంట్ల గిన్నెల సప్పుడే ఎక్కువున్నది."

అప్పటి నుంచి ప్లేయర్ కొనడానికి ఎవరొచ్చినా ముందు టెస్ట్ డిస్క్ వేసి చెవుల సంగతి తేల్చుకుంటాను. డాక్ పాఠం ఆ తర్వాతే. ఇంకో సంగతి వాళ్లింట్లో చెప్పలేదు. ఆ రోజు సత్తమ్మ గారు గరిటెతో వచ్చేసరికి నాకు కూడా ఆ కూత వినిపించడం ఆగిపోయి రెండు మెట్లయింది. ఇప్పుడు షాపులో ఏ ప్లేయర్ బాగుందో మా ఆవిడ విని చెబుతుంది. నేను ప్యాక్ చేస్తాను.