అవతలి ఒడ్డు సైరన్

ఏటి గట్టున నీటిమట్టం చూసే ఉద్యోగం ఆయనది. నీళ్లలో పాతిన కొలబద్ద దగ్గరికి రోజూ రెండుపూటలా వెళ్లి, ఎన్ని అడుగులుందో చూసి ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి. ముప్పై ఏళ్లుగా అదే పని. అందుకే వీధివీధంతా ఆయన్ని అడుగుల బాబాయి అనేవారు. కూరలో ఉప్పెంత వెయ్యాలని అడిగినా అరడుగు అంటాడని అక్క వెక్కిరించేది. పెళ్లి చేసుకోని తమ్ముడూ, భర్త పోయిన అక్కా రెండు గదుల ఇంట్లో ఒకరికొకరు తోడుగా ఉండేవారు.

ఏటికి అవతల వేరే దేశం. కలిగిన దేశం. ఈమధ్య వానలు వెర్రెత్తినట్టు కురుస్తున్నాయి, ఆ వెర్రి మాత్రం రెండు ఒడ్లకీ సమానమే. ఏరు పదమూడడుగులకి వచ్చిందంటే అవతలివాళ్లు సైరన్ మోగించేవారు. ఇవతల సైరన్ లేదు. అడిగినప్పుడల్లా ఆఫీసువాళ్లు వచ్చే ఏడు చూద్దామనేవారు. అయినా అవతలిది ఖంగున వినబడుతుంటే ఇంకోటెందుకు? అది మోగగానే జనం మూటలు సర్దుకుని మెరక మీది బడికి వెళ్లిపోయేవారు. ఇరవై ఏళ్ల అలవాటు అది.

ఒకసారి రెండు దేశాలనీ పోల్చి చూస్తున్నానంటూ ఒకావిడ కాగితాలతో వచ్చింది.

"ముప్పు ఇద్దరికీ దాదాపు ఒకటేనండీ. తలసరి ఆదాయం మాత్రం వాళ్లది మీకు పదిరెట్లు."

"అయితే ఏమవుతుందమ్మా?" అన్నాడు బాబాయి.

"వాళ్లు గోడ కట్టుకోగలరు. మీరు..." ఆవిడ పెన్నుకి మూత పెట్టింది.

అన్నట్టే అవతలి ఒడ్డున గోడ లేచింది. రెండాళ్ల ఎత్తు కాంక్రీటు. మరి ఇప్పుడు సైరన్ ఎన్నడుగులకి మోగుతుందని అడగాలని ఇవతల ఒక్కరికీ తోచలేదు. నీళ్లు కొలిచి కొలిచి జుట్టు నెరిసిన మనిషికీ తోచలేదు, అదే మింగుడుపడని సంగతి.

గోడ లేచాక వచ్చిన వానల్లో ఒక మధ్యాహ్నం కొలబద్ద పద్నాలుగు దాటింది. బాబాయి ఇంటికి పరుగెత్తాడు.

"అక్కా, పద్నాలుగు దాటిందే!"

"సైరన్ మోగలేదుగా?"

"లేదు."

"మరింకేం? ఈ మోకాళ్లతో ఆ మెరక ఊరికే ఎక్కమంటావా? మోగనీ, వెళ్దాం."

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. "సరేలే, మోగనీ," అని ఇంకోసారి చూసి రావడానికి గట్టుకి వెళ్లాడు. తన కళ్లతో చూసిన అంకె కన్నా అవతలి కూతనే నమ్మాడు.

సైరన్ పదిహేడుకి మోగింది. అప్పటికే గోడకి కొట్టుకున్న ఏరు ఇటు మళ్లి, గట్టు తెంచుకుని వీధిలో పడింది. నడుంలోతు నీళ్లలో పడుతూ లేస్తూ ఆయన ఇల్లు చేరేసరికి, అక్క సర్దుకున్న మూట గుమ్మానికి చిక్కుకుని ఉంది. అక్క లేదు. మూడోనాడు దొరికింది.

అవతల కొలబద్ద చూసేవాడు పడవ మీద పరామర్శకి వచ్చాడు. "గోడ కట్టాక పదిహేడు దాకా మాకు భయం లేదన్నారన్నా, సైరన్ మోగించే గుర్తు మార్చేశారు. మీ ఆఫీసుకి ఉత్తరం కూడా రాశామే!" అంటూ ఏడ్చాడు. ఉత్తరం వచ్చిన మాట నిజమే. ఎవరి సొరుగులోనో పడి ఉంది. బాబాయి ఎవరినీ ఏమీ అనలేదు. అనాల్సింది తననే అనుకున్నాడు పాపం.

ఇప్పుడు కొలబద్ద పన్నెండు చూపిస్తే చాలు, అక్క తినే పళ్లెమూ గరిటా పట్టుకుని వీధిలోకి వస్తాడు. ఇంటింటి ముందూ నిలబడి వాయిస్తాడు. "సైరన్ మోగలేదుగా బాబాయ్?" అని ఎవరైనా అంటే, "అది మన కోసం మోగదురా, లే!" అని కసురుతాడు. అందరూ కదిలాక తన గుమ్మం ముందుకి వస్తాడు. అక్కడా వాయిస్తాడు.

"మోగకపోయినా వెళ్దాం పదవే, అక్కా," అంటాడు.