ఏటిగట్టు కొండ మీద పిట్టలు

కోనసీమలో కొండ లేదు. మా ఊళ్లో మాత్రం నాలుగేళ్లు ఉంది. గౌతమి కోసేస్తున్న గట్టుకు పరచాలని లారీల్లో బండరాళ్లు తెచ్చి పోశారు. పోసినవాళ్లు మళ్లీ రాలేదు. ఊరు ఆ గుట్టకు కొండ అని పేరు పెట్టేసింది. పోస్టుమాస్టరుగా రిటైరయ్యాక నా డైరీలో రాసుకోవడానికి కాఫీ, పేపరు తప్ప ఏమీ మిగల్లేదు. అందుకని రోజూ పొద్దున్నే కుర్చీ, బైనాక్యులర్ పట్టుకెళ్లి దాని ఎదుట కూర్చోవడం మొదలుపెట్టాను. ఎక్కే పని లేని కొండ నా మోకాళ్లకు బాగా నచ్చింది.

ఊళ్లో అర్జీలు రాసేది కూడా నేనే. గట్టు పక్క కొబ్బరితోట రైతు నేను అలా కూర్చోవడం మొదలుపెట్టిన వేసవిలోనే వచ్చారు.

"రాళ్లు పరవమని ఓ అర్జీ రాసిపెట్టండి పోస్టుమేస్టారూ. తోట ఏట్లోకి జారిపోతోందండి."

రాళ్ల పక్క కంకరలో తీతువు పిట్ట గుడ్లు పెట్టి ఉంది. అవి పిల్లలయ్యాక రాస్తానన్నాను.

శ్రావణంలో మళ్లీ వచ్చారు. ఏరు నిండుగా ఉంది. కొండ కొన మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. వరదలో పని ఎవరు చేస్తారండీ, తగ్గనివ్వండి అన్నాను. ఆ మాట సబబుగానే ఉందని ఇద్దరం ఒప్పుకున్నాం.

కార్తీకంలో నీలిరంగు పిట్ట ఒకటి ఒంటరిగా వచ్చి పై రాయి మీద వాలింది. అది రాతికొండల్లో తిరిగే పిట్ట అని పుస్తకంలో ఉంది. మా గుట్టను అది కొండగా గుర్తించడం నాకే ప్రమోషన్ వచ్చినట్టు అనిపించింది. ఆ చలికాలమంతా అర్జీ ఊసెత్తలేదు.

"మీ పిట్టగారు ఎప్పుడు బయల్దేరతారండీ?" అని రైతు దారిలో అడిగేవారు.

"ఫాల్గుణంలో వెళ్తుందండి."

"ఈలోగా మా తోట ఎళ్లిపోద్దండి."

వేసవికి మళ్లీ తీతువు గుడ్లు. ఇలా మూడేళ్లు గడిచాయి. తోటలో ఏటివైపు వరస మొత్తం పోయాక అర్జీ రాశాను. రాళ్లు ఎప్పట్నుంచి పడున్నాయో ఆధారం చూపమన్నారు ఇరిగేషన్ ఆఫీసులో. నా డైరీలు తప్ప వేరే ఆధారం లేదు. ఇద్దరం ముమ్మిడివరంలో జిరాక్సు షాపుకు వెళ్లాం. నేను పేజీలు చూసి ఇస్తుంటే ఆయన నిలబడి చదువుతున్నారు. ఒకచోట ఆగారు. 'ఉదయం 6.40, నీలిపిట్ట. చాలాసేపు ఉంది. తోటలో రెండు చెట్లు ఏట్లో పడ్డాయట. అర్జీ వాయిదా.'

"ఇది మీరు రాసిందేనాండీ?"

"ఆయ్."

"మా చెట్లు కూడా రాసేరే. ఏ కాయితంలోకీ ఎక్కలేదనుకున్నానండి."

ఆ పేజీ వద్దులెండి, మిగతావి చాలు అన్నాను. ఆయన వినిపించుకోకుండా దాన్ని షాపతని చేతికిచ్చారు.

"దీనికి రెండు కాపీలు తియ్యండి. ఒకటి ఆఫీసుకి, ఒకటి మా ఇంటికి."

అర్జీ వెళ్లిన నెలకు మనుషులు వచ్చి గట్టుకు రాళ్లు పరిచారు. మొత్తం మూడు రోజుల పని.