నూగు మీద ఆముదం

అద్దంలో మనకు లేనిదొక్కటే కనిపించే వయసు ఒకటుంటుంది. ఆ వయసులో నేను సూరత్‌లో, డిండోలిలోని మా మేనమామ ఇంట్లో ఉంటూ మగ్గాల కార్ఖానాకు వెళ్లేవాణ్ని. పై పెదవి మీద నూగు తప్ప మీసమన్నది లేదు. నూగు! ఎంత మెత్తటి మాట! లేత బెండకాయ మీద ఉంటే ముద్దు, చంటిపిల్ల చెవి వెనక ఉంటే ముద్దు, కొత్త గుడ్డ మీదిది చెంపకు తగిలితే హాయి. పెళ్లీడు వచ్చినవాడి మూతి మీద మాత్రం నవ్వులపాలు.

సరిగ్గా అప్పుడే సంబంధం వచ్చింది. పిల్లను అంతకుముందే కూరగాయల బండి దగ్గర చూశాను. బెండకాయల కొసలు విరిచి చూస్తూ గుజరాతీలో బేరమాడుతోంది. ఆనాటి నుంచి మగ్గాల మోత కూడా నాకు జోలపాటే (మేస్త్రీ తిట్లతో సహా). మా వాళ్లలో పెళ్లిచూపులకు ముందు పిల్ల తండ్రి మగ్గం దగ్గరికొచ్చి పిల్లవాడి పని చూస్తాడు. మీసం లేనివాడికి పిల్లనిస్తారా అని నా బెంగ. "ఆముదం రాయి బిడ్డా, గా నూగే మీసమైతది" అంది అత్త.

ఆయన వచ్చే రోజు పొద్దున దండిగా పట్టించి పనిలోకి దిగాను. తెగిన పోగులు ముడేస్తూ, ఆమెనే తలుచుకుంటూ తేలిపోతున్నాను. గాలిలో ఎగిరే తెల్లటి దారపు నూగంతా వచ్చి నా మూతికి అంటుకుంటోందని నాకేం తెలుసు! మధ్యాహ్నం మామ, పిల్ల తండ్రి అయిన పెద్దాయన, వెనక ఆయన టిఫిన్ డబ్బాతో ఆమె. ఛాతీ విరిచి నిలబడ్డాను. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, మగ్గాల మోతను మించి అరిచాడు.

"ఏందయ్యా, పిల్లగాడంటివి, గీ ముసలాయన్ని చూపెడ్తున్నవ్?"

"జర ఆగు బావా, తుడుసుకుంటడు!" అన్నాడు మామ.

తుడిచినకొద్దీ ఆ తెలుపు బుగ్గల దాకా పాకింది. ఆమె చున్నీ నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అయిపోయింది, సంబంధం పోయిందనుకుని దారం కండెల చాటున ఏడ్చేశాను.

సాయంత్రం మామ వచ్చి, "పిల్ల ఒప్పుకున్నదిరా! ఎందుకంటే మాత్రం చెప్తలేదు" అన్నాడు.

మొన్న అద్దం ముందు నిలబడి, నిజంగానే నెరిసిన మీసానికి రంగు వేయబోయాను. మా ఆవిడ డబ్బా లాక్కుంది.

"రంగెందుకు? ముసలోడివైతే ఎట్లుంటవో గా దినమే చూసిన. మంచిగనే అనిపించింది. అందుకే ఒప్పుకున్న."

ఇన్నేళ్లకా చెప్పడం! కండెల చాటున ఏడ్చిన ఆ నూగు మూతివాడికి ఈ మాట ఎవరైనా చెప్పివుంటే బాగుండేది, పాపం.