ఫినాయిల్ పోసిన ఆయుధపూజ

మొన్న ఆయుధపూజకు ఎల్‌బీనగర్‌లోని మా అపార్ట్‌మెంట్ కమిటీవాళ్లు లిఫ్టు మోటారుకు కుంకుమ పెట్టి, అదే ఊపులో మురుగునీటి శుద్ధి తొట్టి వాసనొస్తోందని ఫినాయిల్ డబ్బా మూత తీస్తుంటే, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి, అందులో పనిచేసేవి సూక్ష్మజీవులేనయ్యా, అవి చస్తే తొట్టే చస్తుందని అరిచాను. "అంకుల్, పండుగ పూట గీ లొల్లేంది?" అని సెక్రటరీ విసుక్కున్నాడు. ఆయనను ఏమని తిట్టను? ఆ డబ్బా మూత ఒకప్పుడు నేనూ తీసినవాణ్ణే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ప్రయోగశాలలో ముడిరాయిని కొలిమిలో కరిగించకుండా, సూక్ష్మజీవులతో రాగి తీసే పని నడిచేది. గాజు గొట్టాల నిండా రాతిముక్కలు, పైనుంచి ఆమ్లం కలిపిన నీళ్లు చుక్కచుక్కగా. కంటికి కనబడని ఆ జీవాలు రాతిలోని రాగిని నీళ్లలోకి వదిలించేవి. ఎంత నెమ్మదంటే, నెలల తరబడి చూసినా ఏమీ జరుగుతున్నట్టుండేది కాదు, నాకు ఒళ్లు మండిపోయేది. మా అటెండరు మాత్రం పోచంపల్లి నేతకుటుంబంలో పుట్టి, రంగుతొట్ల మధ్య పెరిగిన మనిషి గనుక, నీళ్లు తుప్పురంగు తిరిగితే జీవాలు బాగున్నాయనీ, తేటబడితే నలతగా ఉన్నాయనీ నాకంటే ముందే పసిగట్టేవాడు. ఆయనది రోజుకూలీ కొలువు. దసరా తర్వాత పర్మినెంటు చేస్తామని పెద్దసారు మాటిచ్చారు.

పూజకు ముందురోజు, ఆ తుప్పుమరకలు చూడలేక, గొట్టాలు తళతళలాడాలని వాటిలోకి ఫినాయిల్ నీళ్లు వదిలాను. "వద్దు సార్, లోపట జీవాలున్నయి" అని ఆయన చెయ్యి అడ్డం పెడితే, "నాకే నేర్పుతావా?" అని కసిరాను. బంతిపూల దండలు మాత్రం బాగా కుదిరాయి. వారం తిరిగేసరికి నీళ్లు తేటబడ్డాయి, నెలల పని నాశనమైంది. ఎవరు కడిగారని పెద్దసారు అడిగారు. కడిగేది అటెండరే కదా, ఇంకా అడిగేదేముందని ఆయనే తేల్చేశారు. నేను నోరు విప్పలేదు.

గేటు దగ్గర అటెండరు నన్ను తిట్టనైనా లేదు. "నా నౌకరి పోతె పోయింది సార్. మళ్ల జీవాలను తెచ్చినంక గా డబ్బ జర దూరం పెట్టుండ్రి" అన్నాడు.

ఆయన కిరాయికుండిన మూసారాంబాగ్ గల్లీ నాకు తెలుసు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దొరకలేదని, దొరికితే కాలుపెట్టే సందు లేదని, ఆయన దగ్గరికి వెళ్లకపోవడానికి ఏళ్లకేళ్లు ఎన్ని సాకులో! ఇప్పుడు మెట్రో ఎక్కితే చల్లగా కూర్చుని నిమిషాల్లో చేరతాను. మూసారాంబాగ్‌లో తలుపులు తెరుచుకుంటాయి, లేవబోతాను, మూసుకుంటాయి. నింద వేయడానికి ఇప్పుడు బస్సైనా లేదు.